మౌనమందిరం గచ్చు కింద

బొబ్బిలి మెయిన్ రోడ్డులో కన్యాకుమారి స్టీలు సామాన్ల కొట్టుకు ఆదివారం సెలవు. కింద షట్టరు దించి తాళం వేసి ఉంటుంది. మేడ మీద గోడౌనులో మాత్రం పొద్దున్న పదింటికల్లా ప్లాస్టిక్ కుర్చీలు సిద్ధంగా ఉంటాయి. చుట్టూ గుండిగలు, బేసిన్లు, అట్టపెట్టెల్లోంచి ఇంకా బయటికి తియ్యని టిఫిన్ క్యారేజీలు. మధ్యలో ఫ్లాస్కు నిండా టీ. నెలకు రెండు ఆదివారాలు అక్కడ కొందరు మనుషులు చేరి గట్టిగా అరుస్తారు.

నిజంగానే అరుస్తారు. మొదట్లో పక్క మందుల షాపువాళ్ళు కంగారుపడి మెట్లెక్కి వచ్చారు. "భజనా అమ్మా?" అని అడిగారు.

"భజన కాదు. దాని విరుగుడు," అంది కన్యాకుమారి.

ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఆమె పదకొండో ఏట తండ్రికి గుండెజబ్బు వచ్చింది. ఆయన లేచి తిరిగితే పిల్లను ఐదేళ్ళపాటు మౌనమందిరానికి ఇస్తానని తల్లి వరహాలమ్మ మొక్కుకుంది. ఆయన లేచి తిరిగాడు. పిల్లను ఇచ్చేసింది.

భోగాపురం దాటి సముద్రం వైపు వెళ్తే సరుగుడు తోటల్లో ఉండేది ఆ మౌనమందిరం. నడిపినాయన్ని అందరూ పెద్దయ్యగారు అనేవారు. ఆయన బోధ అంతా కలిపితే రెండు ముక్కలు: మాట మైల. నోరు తెరిస్తే లోపలి దేవుడు వెళ్ళిపోతాడు. మొక్కుబడి పిల్లలు ఏడాదికి నాలుగుసార్లు నలభై రోజుల దీక్ష పట్టాలి. దీక్షలో దగ్గినా తప్పే. దెబ్బ తగిలి 'అమ్మా' అన్నా తప్పే. తప్పు చేసిన పిల్లను 'లోపలికి' పంపేవారు. ధ్యానం చేసే హాలు గచ్చు కింద, ఎప్పుడో వాననీళ్ళ కోసం కట్టి వదిలేసిన సంపు ఒకటుంది. దాని మీద పెద్ద రాతిపలక మూత. మూత జరిపి పిల్లను దించి, మళ్ళీ మూత వేసి, ఆ పైన కూర్చుని అందరూ ధ్యానం చేసేవారు.

పదహారో ఏట ఇంటికి తిరిగొచ్చిన కన్యాకుమారి ఇరవయ్యేళ్ళపాటు కొట్లో ధర కూడా నోటితో చెప్పలేదు. చీటీ మీద రాసిచ్చేది. ఊళ్ళో అంతా ఎంత అణకువ అన్నారు. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు పిల్ల బంగారం అన్నారు. వాళ్ళకూ చీటీ మీదే 'వద్దు' అని రాసిచ్చింది. ఆ మెచ్చుకోళ్ళు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకు పళ్ళు పటపటలాడతాయి.

మూడేళ్ళ క్రితం కుక్కరు కొనడానికి ఒకావిడ వచ్చింది. ధర రాసిన చీటీ అందుకుని, అది రాసిచ్చిన మనిషి వంక చాలాసేపు చూసి, చీటీ వెనక్కి తిప్పి 'మౌనమందిరమా?' అని రాసింది. ఆవిడ అనూరాధ. విజయనగరంలో ఒక ఆస్పత్రిలో, మనసు చెదిరినవాళ్ళను చూసే వార్డులో నర్సు. ఆవిడా మొక్కుబడి పిల్లే. అనూరాధే రాజాం దగ్గర పాలవ్యాను నడుపుకునే చంద్రమౌళిని వెతికి పట్టుకొచ్చింది. ఆ మనిషీ అక్కడి మొక్కుబడి పిల్లాడే, అప్పట్నుంచీ నత్తి. మొదటి ఆదివారం ముగ్గురూ గంటన్నరసేపు ఒక్క మాట లేకుండా కూర్చున్నారు. రెండో ఆదివారం చంద్రమౌళి ఉన్నట్టుండి లేచి ఒక బేసిను తీసుకుని నేలకేసి బాదాడు. సొట్టలుపడేదాకా బాదాడు. అప్పుడు కన్యాకుమారి నోట్లోంచి ఇరవయ్యేళ్ళ తర్వాత మొట్టమొదటి అరుపు వచ్చింది. ఆ రోజు నుంచే వాళ్ళకు కాస్త ఊపిరాడ్డం మొదలైంది.

ఇక్కడ ఎవరూ ఎవర్నీ క్షమించమని చెప్పకూడదు అన్నది అనూరాధ పెట్టిన షరతు.

ఆ ఆదివారం వాయుగుండం పట్టి తెల్లవారు నుంచీ ఒకటే ముసురు. నాలుగో కుర్చీలో కొత్త మనిషి కూర్చుంది. అసిరమ్మ. అరవై దాటింది. మౌనమందిరంలో పదేళ్ళు వంట చేసింది. ఆమెను రానివ్వాలా వద్దా అని ముగ్గురూ నెల్లాళ్ళు కొట్టుకున్నారు.

"నాను మీ పక్కన కూకోడానికి తగనని నాకు తెలుసు తల్లీ," అంది అసిరమ్మ. "మీకు దెబ్బలు పడతన్నపుడు నాను పొయ్యికాడే ఉన్నాను."

"సూ... సూస్తా ఊరుకున్నావు," అన్నాడు చంద్రమౌళి.

"ఊరుకున్నాను."

అనూరాధ ఆమెకు టీ పోసిచ్చింది. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, తాగకుండా, అసిరమ్మ అడిగింది. "ఒక గుంట గురించి అడగాలని వొచ్చాను. సింధూరి. పదేళ్ళ ఆడగుంట. ముందరి పన్ను విరిగుండేది. మీకు గేపకం ఉన్నాదా?"

ముగ్గురికీ జ్ఞాపకం ఉంది.

"కామెర్లొస్తే వాళ్ళ మేనమామ వచ్చి తీసుకెళ్ళాడన్నారు మాకు," అంది అనూరాధ.

"లే... లేదు. పారిపోయిందన్నారు," అన్నాడు చంద్రమౌళి. "అలాగ పారిపోతే కాళ్ళిరగ్గొడతామని మా మగపిల్లలకి సెప్పీవోరు."

అసిరమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకు ఏటి సెప్పినారో తెలుసా? ఏటీ సెప్పలేదు. ఒక పొద్దున్న పెద్దయ్యగారి పక్కనుండీ ధనరాజు వొంటింటి గుమ్మంలో నిలబడి 'రేపట్నుంచి ఒక కంచం తగ్గించు' అన్నాడు. అంతే. ఎందుకని నాను అడగలేదు. ఆ గుంట కంచం తీసి పైన పెట్టేసినాను."

ఇరవయ్యారేళ్ళలో ఆ మూడు మాటలూ ఒకచోటికి రావడం అదే మొదలు. మౌనం పట్టించింది దేవుడి కోసం కాదు. ఒక పిల్లకు చెప్పిన అబద్ధం ఇంకో పిల్లకు చెప్పిన అబద్ధాన్ని ఎప్పుడూ కలుసుకోకూడదని. కన్యాకుమారికి ఆ సంగతి అప్పటికప్పుడు తెలిసింది.

"నీకేమని చెప్పారు కుమారీ?" అంది అనూరాధ.

"నాకు చెప్పక్కర్లేదు. నాకు తెలుసు."

వాన రేకుల మీద దడదడమని పడుతోంది. కన్యాకుమారి కుర్చీలోంచి లేచింది.

"హాల్లో నా చోటు ఆ మూత మీద. సింధూరిని దించాక దాని మీద కూర్చున్నది నేనే. కింద నుంచి కొట్టేది. చెవికి వినబడేంత కాదు... చీలమండల్లోకి వచ్చేది. మూడు దెబ్బలు, కాసేపాగి రెండు. మళ్ళీ మూడు... మళ్ళీ రెండు. రెండు రోజులు కొట్టింది. మూడో రోజు కొట్టలేదు."

ఆమె కాలి మడమతో నేలను ఒకసారి తాకింది.

"నాకది దీక్షలో ఇరవై ఏడో రోజు. మాట్లాడితే నాన్న గుండె ఆగిపోతుందని చెప్పారు. ఇంకో పదమూడు రోజులు నోరు మూసుకుంటే బతుకుతాడన్నారు. నాకు పదమూడేళ్ళు!" ఆమె అరిచింది. గోడౌనులో గుండిగలన్నీ ఖంగుమన్నాయి. "పదమూడేళ్ళ దాని నెత్తిన ఒక పక్క నాన్న ప్రాణం, ఇంకో పక్క ఆ పిల్ల ప్రాణం పెట్టి, దానికి దేవుడని పేరు పెట్టారు! నేను లేవలేదు. జవాబు కూడా కొట్టలేదు. వేలితో ఒక్కసారి తిరిగి కొట్టి ఉంటే ఆ పిల్లకు తెలిసేది కదా, పైన ఎవరో ఉన్నారని!"

ఆమె మోకాళ్ళ మీద కూలబడి పిడికిలితో నేల మీద కొట్టింది. "ఇలాగ! ఇదిగో ఇలాగ కొట్టేది!"

మూడు. ఆగి... రెండు.

వాన ఒక్క క్షణం సన్నబడింది.

కింద నుంచి, తాళం వేసిన కొట్లోంచి...

టక్. టక్. టక్.

...

టక్. టక్.

అసిరమ్మ చేతిలో టీ గ్లాసు ఒళ్ళో ఒలికిపోయింది. కాలినట్టు కూడా ఆమెకు తెలియలేదు.

చంద్రమౌళి ముందు, మిగతావాళ్ళు వెనక, మెట్లు దిగారు. కరెంటు లేదు. షట్టరు తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే కొట్లో ఎవరూ లేరు. కాని అరల్లో ఉన్న ప్రతి గిన్నే సన్నగా వణుకుతోంది. అప్పుడే ఎవరో చెయ్యి తీసినట్టు... మోత ఇంకా పూర్తిగా అణగలేదు. తడి సున్నం వాసన. ఆ సున్నం వాసన మధ్యలో కొబ్బరినూనె రాసి బిగించి జడ వేసిన చిన్నపిల్ల తల వాసన.

"పోలీసులకి చెప్దాం," అంది అనూరాధ. గొంతు పీలగా వచ్చింది.

"ఏటని సెప్తాం? గిన్నెలు మోగినాయనా?" అన్నాడు చంద్రమౌళి. నత్తి లేకుండా అన్నాడు. ఆ సంగతి అతనూ గమనించలేదు. "ఎల్దాం. అక్కడికే ఎల్దాం. విమానాశ్రయం వచ్చాక ఆ స్థలం రిసార్టువాళ్ళకి అమ్మేసినారు. రేపు జేసీబీలు దిగుతాయట. రేపటి తర్వాత సూడ్డానికి ఏటీ ఉండదు."

కొట్టు వెనకే ఇల్లు. వరహాలమ్మ గడప దగ్గర కూర్చుని వత్తులు చేసుకుంటోంది. ఆమె వెనక గోడ మీద పెద్దయ్యగారి ఫొటో, దానికి రోజూ మార్చే పూలదండ. "ఈ వానలో ఎక్కడికే?" అంది.

"మౌనమందిరానికి."

ముసలామె ముఖం విప్పారింది. "మంచిదే తల్లీ. నా పేరు చెప్పి కూడా ఒక దణ్ణం పెట్టు."

కన్యాకుమారి తల్లి వంక చూసింది. ఏదైనా అంటే ఆగలేనని తెలిసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

పాలవ్యానులో రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం దాటి, భోగాపురం చేరేసరికి రెండున్నర. పట్టపగలే. కాని ఆకాశం పొగచూరిన మూకుడులా ఉంది. సముద్రం వైపు తిరిగిన దారిలో సరుగుడు తోటలు లేవు. కొట్టేశారు. ఎర్రమట్టి చదును చేసి రోలరు తిప్పారు. ఆ బోడి నేల చివర, ఒంటరిగా, మౌనమందిరం. కిటికీలు పీకేసిన గోడలు. లోపల మాత్రం చీకటి.

స్థలం అప్పగింతకని వచ్చి, వరండాలో కుర్చీ వేసుకుని ధనరాజు ఉన్నాడు. పెద్దయ్యగారికి కుడిభుజంగా ఉండి, ఆయన పోయాక ట్రస్టుకు సర్వాధికారి అయినవాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. తెల్లబట్టలు, అప్పటిలాగే. వానలో తడుస్తూ వస్తున్న నలుగుర్నీ తేరిపార చూశాడు. ఆనవాలు పట్టాడు. చూపుడువేలు ఎత్తి పెదాల మీద పెట్టుకున్నాడు.

అంతే.

కన్యాకుమారి నాలుక అంగిలికి అంటుకుపోయింది. అనూరాధ తల దానంతటదే వంగింది. చంద్రమౌళి చేతులు కట్టుకున్నాడు. వార్డులో చెయ్యెత్తే మగాళ్ళను ఒంటిచేత్తో ఆపే నర్సు. ఇనప గుళ్ళలాంటి చేతులున్న డ్రైవరు. సొంత కొట్టు నడుపుకునే ఆడది. ఒక్క వేలు. ఇరవయ్యారేళ్ళ తర్వాత కూడా ఒక్క వేలు. కన్యాకుమారి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అవి ఏడుపువి కావు. ఒళ్ళు మండిపోతోంది, నోరు మాత్రం పెగలడం లేదు.

"ఒరే ధనరాజూ!"

అసిరమ్మ. ఆమె ఎన్నడూ దీక్ష పట్టినది కాదు. ఆ వేలికి ఆమె మీద అధికారం లేదు.

"ఏలు దించరా! దించు! నా పొయ్యికాడ కూడు తిని పెరిగిన గుంటల్నిరా నువ్వు బెదిరించింది! సింధూరేదిరా?"

ఆ కేకకు కన్యాకుమారి నాలుక అంగిలి నుంచి ఊడి వచ్చినట్టయింది. పక్కన అనూరాధ దీర్ఘంగా ఊపిరి పీల్చింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"ఆ పేరుగల పిల్ల ఎప్పుడూ లేదు," అన్నాడు ధనరాజు మెల్లిగా. ఆయన ఎప్పుడూ మెల్లిగానే మాట్లాడతాడు. "రిజిస్టరు చూసుకోండి."

"కంచం తగ్గించమన్నావు కదరా!"

"వయసు మీద పడింది అసిరమ్మా. భ్రమ. ఆ సంపు కూడా ఎప్పుడో పూడ్చేశాం."

కన్యాకుమారి ఆయనతో వాదించలేదు. ఆయన్ని దాటుకుని హాల్లోకి నడిచింది.

లోపల గబ్బిలాల కంపు. తడిసిన గోడల వాసన. ఎప్పుడో ఆరిపోయిన కర్పూరం ఇంకా ఆ గోడల్లో ఉన్నట్టే ఉంది. వెలుతురు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆమె కాళ్ళు మాత్రం వెతుక్కోలేదు. స్తంభం నుంచి నాలుగో వరస. అక్కడ గచ్చు రంగు వేరుగా ఉంది. మూత మీద సిమెంటు మెత్తారు.

ఆమె కూర్చుంది. పదమూడేళ్ళప్పుడు కూర్చున్నట్టే, బాసింపట్టు వేసుకుని. పిడికిలితో కొట్టింది. మూడు. రెండు.

వాన చప్పుడు. దూరంగా సముద్రం. ఇంకేమీ లేదు.

"చూశారా," అన్నాడు గుమ్మంలోంచి ధనరాజు.

అప్పుడు వచ్చింది.

చీలమండల్లోకి... ఎముకలోకి...

మూడు.

...

రెండు.

చంద్రమౌళి నేల మీద అరచేతులు ఆనించాడు. అతనికీ తెలిసింది. అనూరాధకూ తెలిసింది.

"పందికొక్కులు," అన్నాడు ధనరాజు.

మరుక్షణం ఆయన ఉలిక్కిపడి తన పాదాల వైపు చూసుకున్నాడు. చప్పుడు ఇప్పుడు ఆయన కిందికి వెళ్ళింది. గుమ్మం దగ్గర సంపు లేదు. అక్కడ గట్టి నేల. ఆయన ఒక అడుగు పక్కకు వేశాడు. చప్పుడూ అడుగు వేసింది. వెనక్కి రెండడుగులు వేశాడు. వెంట వచ్చింది. వరండాలోకి వెళ్ళాడు. అక్కడా వచ్చింది. ఒక కాలు ఎత్తి, గోడ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడ్డాడు ఆ తెల్లబట్టల మనిషి. ఆనిన కాలి కింద... టక్. టక్. టక్.

పనివాళ్ళు వదిలేసిన గునపం గోడకు ఆనించి ఉంది. చంద్రమౌళి దాన్ని అందుకున్నాడు.

"వద్దు," అన్నాడు ధనరాజు. "వద్దు. మాట మైల... మాట మైల..." వేలు మళ్ళీ పెదాల మీద పెట్టుకున్నాడు. ఈసారి ఎవరూ చూడలేదు. అనూరాధ నూట పన్నెండుకు ఫోన్ చేసి చిరునామా చెబుతోంది, ప్రతి మాటా విడమరిచి, గట్టిగా. గునపం సిమెంటులో దిగింది. చంద్రమౌళి అలిసిపోతే కన్యాకుమారి అందుకుంది. ఒక్కో పోటుకూ ఒక్కో తిట్టు. అవి కొట్లో ఎన్నడూ వాడని తిట్లు. పెద్దయ్యగారిని తిట్టింది. మొక్కుకున్న తల్లిని తిట్టింది. లేచి తిరిగిన తండ్రిని తిట్టింది. చివరి పోటుకు తనను తాను తిట్టుకోబోతే, అనూరాధ వెనక నుంచి వచ్చి భుజం గట్టిగా పట్టుకుంది. "నిన్ను కాదు," అంది. "నిన్ను మాత్రం కాదు."

రాయి పగిలింది.

సంపు పూడ్చలేదు. నల్లగా నోరు తెరుచుకుంది. అందులోంచి కుళ్ళు వాసన రాలేదు. గాలి వచ్చింది. వెచ్చగా. నిద్రలోంచి లేచిన పిల్ల మన ముఖం మీద ఊపిరి వదిలినట్టు... అంత దగ్గరగా.

ఫోను లైటు వేశారు. అడుగు కనబడలేదు.

"అప్పా..."

నలుగురూ విన్నారు, అక్కను పిలిచే పిలుపు. గుసగుస. లోతులోంచి కాదు... మూత అంచు దగ్గర్నుంచి.

"అప్పా... ఇప్పుడు మాటాడొచ్చా?"

కన్యాకుమారికి పరుగెత్తాలనిపించింది. ఆ పిల్ల ఇరవయ్యారేళ్ళుగా దీక్షలోనే ఉంది. చచ్చిపోయి కూడా నోరు తెరవడానికి అనుమతి అడుగుతోంది. ఆ తలపు రాగానే భయం ఎక్కడికి పోయిందో పోయింది. మూడేళ్ళు గోడౌనులో అరిచిన అరుపులన్నీ ఒక్కసారి వచ్చాయి.

"మాటాడు తల్లీ! ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా మాటాడు! ఎవడి మాటా వినకు!"

"మాటాడు!" అంది అనూరాధ. "మాటాడే గుంటా!" అంది అసిరమ్మ, ఏడుస్తూ. "మాటాడు!" అన్నాడు చంద్రమౌళి.

హాలంతా మారుమోగింది. తర్వాత అంతా ఆగిపోయింది. సంపులోంచి ఏమీ రాలేదు. ఆ వెచ్చటి గాలి కూడా లేదు.

వాళ్ళ వెనక, వరండాలో, ధనరాజు నోరు తెరిచాడు.

"నా పేరు సింధూరి," అన్నాడు.

ఆ గొంతు పదేళ్ళ పిల్లది. ముందు పన్ను విరిగిన పిల్ల, 'స' దగ్గర గాలి పోనిచ్చే పిల్ల. ధనరాజు కళ్ళు పెద్దవయ్యాయి. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. గొంతు ఆగలేదు. వేళ్ళ సందుల్లోంచి వస్తూనే ఉంది.

"నాను దీక్షలో నవ్వినాను. కప్ప గెంతితే నవ్వొచ్చినాది. అందుకని నన్ను దించినారు. నీళ్ళు అడిగాను..."

పోలీసులు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆ పిల్ల చెబుతూనే ఉంది. నలుగురూ పక్కపక్కన నేల మీద కూర్చుని విన్నారు. అనూరాధ ఫోన్లో రికార్డు చేసుకుంది. ఒక్క మాటా వదల్లేదు.

ఆ సాయంత్రమే సంపులో ఎముకలు దొరికాయి. చిన్నవి. దవడలో ముందరి పన్ను విరిగి ఉంది. ధనరాజు మీద కేసు పెట్టారు. జైలుకు పంపబోతే సొంత గొంతు పూర్తిగా పోయి ఆ పిల్ల గొంతే వస్తోందని తేలి, కాపలా పెట్టి ఒక ఆస్పత్రిలో ఉంచారు. డాక్టర్లు గొంతులో లోపం లేదన్నారు, మనసు దెబ్బతిన్నదన్నారు. ఆ పిల్ల గొంతు చెప్పినదాన్ని కోర్టు సాక్ష్యం కింద తీసుకోదట. మూత వేసింది ఎవరో, రెండో రోజు తియ్యబోతే వద్దన్నది ఎవరో, అన్నీ చెప్పింది ఆ పిల్ల. అయినా తీసుకోదట. ఎముకలను మాత్రం తీసుకుంటుంది. అదే చాలని లాయరు అన్నాడు. చాలదు అంది కన్యాకుమారి.

ఎముకలు దొరికిన ఆ రాత్రే ఇంటికి వచ్చి, గోడ మీద పెద్దయ్యగారి ఫొటో తీసి అద్దం పగలగొట్టింది. సంపులో ఆ పిల్ల కింద నుంచి మూత మీద కొట్టిన సంగతి తల్లికి చెప్పింది. వరహాలమ్మ గాజుపెంకులు ఏరుతూ, "ఆ పిల్ల చప్పుడు నువ్వు విన్నావా?" అంది.

"విన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు ఎప్పుడైనా అడిగావా అమ్మా? ఐదేళ్ళు పంపించి, తిరిగొచ్చాక ఒక్కరోజైనా, అక్కడ ఏం జరిగిందే అని అడిగావా?"

కన్యాకుమారి జవాబు కోసం ఆగలేదు. ఇప్పటికీ తల్లికి వేళకు అన్నం పెడుతుంది, మందులిస్తుంది. కోపం మాత్రం దాచుకోదు. దాచుకోవడం మానేశాక రాత్రుళ్ళు నిద్ర పడుతోంది.

పేపర్లో వార్త చూసి ఇంకా కొందరు మొక్కుబడి పిల్లలు వచ్చారు. గోడౌనులో ఇప్పుడు పదకొండు కుర్చీలు. సింధూరి తల్లి కూడా ఒకసారి వచ్చింది. కూతురు పారిపోయిందని నమ్మి, ఇరవయ్యారేళ్ళు ఆ పిల్లనే తిట్టుకున్న మనిషి. అనూరాధ ఫోన్లో దాచిన గొంతు వినిపించమంది. విని, "నా గుంటే," అంది. తర్వాత ఆమె అరిచిన అరుపుకు కింద రోడ్డు మీద ఆటోలు ఆగాయి. ఆమె అయిపోయిందనేదాకా పదకొండు మందీ ఆమెను పట్టుకునే ఉన్నారు.

రోజుల లెక్క ప్రకారం పెద్దకర్మ దాకా సింధూరికి అన్నీ జరిపించారు. ఆ మర్నాటి నుంచి ఆస్పత్రిలో ధనరాజు నోట ఆ పిల్ల గొంతు ఆగిపోయింది. వెళ్ళిపోయిందనుకున్నారు అందరూ. అసిరమ్మ పొయ్యి మీద పాలు పొంగించి, పదకొండు మందికీ పాయసం పెట్టింది.

మొన్న ఆదివారం అనూరాధ ఆలస్యంగా వచ్చింది. కూర్చోకుండానే ఫోను బల్ల మీద పెట్టింది. ధనరాజు వార్డులో పనిచేసే తోటి నర్సు తెల్లవారుజామున పంపిందట. "మీలో ఎవరికైనా ఈ గొంతు తెలుసేమో వినండి," అంది.

మొదట పాత ఫ్యాను గరగర. మంచం కిర్రుమన్న చప్పుడు. తర్వాత ఒక మగపిల్లాడి గొంతు. ఎనిమిదేళ్ళుంటాయేమో.

"నా పేరు జయకృష్ణ. మాది పార్వతీపురం అవతల."

పదకొండు మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పేరు ఎవరికీ తెలియదు. అసిరమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమె వంట చేసిన పదేళ్ళలో ఆ పిల్లాడు లేడు. సంపులో దొరికినవి ఒక్క మనిషి ఎముకలే. చుట్టూ ఉన్న సరుగుడు తోటంతా చదును చేసి, తారు పోసి, రోడ్డు కూడా వేసేశారు.

"ఇక్కడ సరుగుడు సెట్ల ఏళ్ళు కాళ్ళకి సుట్టుకున్నాయి," అన్నాడు ఆ పిల్లాడు, తాపీగా, తోటివాళ్ళకు చెప్పుకున్నట్టు. "నాను లెగిసాను. నా పక్కనోడు ఇంకా లెగలేదు."